షామ్‌బర్గ్ నుంచి రాని ఫోన్లు

నేను వెళ్ళేసరికే స్పందనని ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు కాగితం ప్రింట్ చేసి బల్ల మీద పెట్టేశారు. సంతకం ఒక్కటే తక్కువ. విచారణ ఇంకా మొదలే కాలేదు, తీర్పు మాత్రం రెండు కాపీలు తయారు. నాకు గుమ్మంలోనే ఒళ్ళు మండింది.

అప్పటికి మధ్యాహ్నం రెండూ నలభై. ఐదింటికి ఆ కాగితం మీద సంతకం పెట్టిస్తానని, వెంటనే పోలీసులకి దొంగతనం ఫిర్యాదు పంపిస్తానని ధర్మారావు చెప్పాడు. టెక్సస్‌లోని కాపెల్‌లో ఉన్న ఈ నింగి డిష్ కంపెనీని పంతొమ్మిదేళ్ళుగా నడుపుతున్నది ఆయనే. ఉద్యోగం ఊడితే హెచ్ వన్ వీసా మీదున్న పిల్లకి ఇంకోటి వెతుక్కోవడానికి అరవై రోజులుంటాయి. దొంగ అన్న పేరు పడ్డాక ఆ అరవై రోజులూ దేనికీ పనికిరావు.

నా పేరు చాముండేశ్వరి. పద్దెనిమిదేళ్ళు ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టాను. ఆరేళ్ళ కిందట టెక్సస్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్స్ తీసుకున్నాను. నన్ను ఈ పనికి పెట్టుకున్నది స్పందన. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, ఈ కంపెనీలో లెక్కలు చూస్తుంది. తన నెల జీతంలో సగం నాకు ఫీజుగా ఇచ్చింది. వద్దంటే వినలేదు.

ధర్మారావు పక్కన నిశాంత్ కూర్చుని ఉన్నాడు. నింగి డిష్‌ని కొనబోతున్నవాళ్ళు కంప్యూటర్ రికార్డులు తనిఖీ చేయమని పంపిన కుర్రాడు. ముప్ఫై దాటలేదు, నన్ను చూసి లేవలేదు. తెలివైనవాడే. ఆ సంగతి ఎదుటివాళ్ళకి తెలియకుండా పోతుందేమోనని భయపడే రకం.

"లాగ్స్ చాలా క్లియర్‌గా ఉన్నాయి మేడమ్. రెండువేల మూడొందల బాక్సులు స్పందన లాగిన్‌తోనే యాక్టివేట్ అయ్యాయి. బిల్లింగ్ మాత్రం ఆన్ చేయలేదు. అడ్రస్‌లన్నీ షామ్‌బర్గ్ సైడ్, వేరే స్టేట్‌లో. ఎవరో డీలర్‌తో కలిసి క్యాష్‌కి అమ్మేసింది. ఇందులో ఇన్వెస్టిగేట్ చేయడానికేం లేదు" అన్నాడు.

లేకపోతే నన్నెందుకు కూర్చోనిచ్చారని అడిగాను. లాయర్ కూర్చోనివ్వమన్నాడు కాబట్టి అన్నాడు ధర్మారావు.

ఈ వ్యాపారం సంగతి ముందు చెప్పాలి, లేకపోతే తరవాతిది అర్థం కాదు. ఇండియాలో తమని చూపించమని ఛానెల్‌వాళ్ళే డిష్‌వాళ్ళకి డబ్బు కట్టడం మామూలు. నింగి డిష్‌లో అది తిరగబడింది. ఇక్కడ డిష్‌వాడే ఛానెల్‌కి కట్టాలి. దాన్నే క్యారేజ్ ఫీజు అంటారు, అదీ ఇంటికింత చొప్పున. హైవే పక్కన మోటెళ్ళు నడిపేవాళ్ళూ, నెట్ సరిగా రాని ఊళ్ళలో డాక్టర్లూ, యాప్‌లు నొక్కడం విసుగనిపించే పెద్దవాళ్ళూ నెలకి ఇరవై ఐదు డాలర్లు కడతారు. అందులో పదకొండున్నర ఐదు తెలుగు ఛానెళ్ళకి పోతుంది. శాటిలైట్ అద్దె, జీతాలు పోగా మిగిలేది ఇంటికి రెండు డాలర్లు. డబ్బు కట్టే ఇళ్ళు ఎనిమిదివేల తొమ్మిదొందలు, అంటే నెలకి పద్దెనిమిది వేల డాలర్లు మిగలాలి. కానీ ఛానెళ్ళకి ఫీజు కడుతున్నది పదకొండువేల రెండొందల ఇళ్ళకి. ఆ ఎక్కువ ఇళ్ళ ఫీజే నెలకి ఇరవై ఆరు వేలు. లాభం ఎగిరిపోయి ఎనిమిది వేలు నష్టం తేలుతోంది.

ఈ తేడా పట్టుకున్నది స్పందనే. పోయిన సోమవారం పొద్దున తనే వెళ్ళి ధర్మారావుకి చెప్పింది. బుధవారానికల్లా ఆ పిల్లనే దొంగని చేశారు. ఏ దొంగైనా తన దొంగతనాన్ని తనే లెక్కగట్టి యజమాని చేతిలో పెడుతుందా అని అడిగితే, ఎలాగూ దొరికిపోతాననుకుని ముందే డ్రామా ఆడిందన్నాడు నిశాంత్. వాడి చెంప మీద ఒక్కటివ్వాలనిపించింది. లైసెన్స్ గుర్తొచ్చి ఊరుకున్నాను.

స్పందనని పక్కగదిలోకి తీసుకెళ్ళి తలుపేశాను. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. లాగ్‌లో మొదటి ఎంట్రీ చూపించాను. జనవరి పదమూడు, రాత్రి పది గంటల పన్నెండు నిమిషాలు, ఒకే విడతలో రెండొందల పన్నెండు బాక్సులు ఆన్ అయ్యాయి. ఆ రోజు ఎక్కడున్నావంటే హైదరాబాద్‌లో అంది. వీసా స్టాంపింగ్‌కి వెళ్ళి ఐదు వారాలు ఉండిపోయిందట. అక్కడినుంచే లాగిన్ అయి ఉంటావని నిశాంత్ అంటాడు కదా అన్నాను. వాడు అప్పుడే అనేశాడని చెప్పింది.

"ఇంటర్వ్యూ ఎప్పుడు?" అన్నాను.

ఫోన్‌లో అపాయింట్‌మెంట్ కాగితం తీసి చూపించింది. జనవరి పధ్నాలుగు, పొద్దున తొమ్మిదిన్నర. చలికాలంలో మనకీ హైదరాబాద్‌కీ పదకొండున్నర గంటల తేడా. ఇక్కడ పదీ పన్నెండు అంటే అక్కడ తొమ్మిదీ నలభై రెండు. ఆ నిమిషంలో ఈ పిల్ల కాన్సులేట్ లోపల క్యూలో ఉంది. ల్యాప్‌టాప్ సంగతి అలా ఉంచి, ఫోన్ కూడా గేటు బయటే పెట్టి పోవాల్సిన చోటు అది. రెండు వారాలు లాగ్స్ చూసిన నిశాంత్‌కి ఈ చిన్న కూడిక చేయాలని తోచలేదు.

"అయితే నీ పాస్‌వర్డ్ ఇంకొకళ్ళ దగ్గర ఉంది" అన్నాను.

ఆ పిల్ల తల దించేసుకుంది. స్టాంపింగ్‌కి వెళ్ళే ప్రతివాళ్ళూ చేసే పనే ఇది. ఎన్నాళ్ళు ఇరుక్కుపోతామో తెలీదు, మనం లేక పని ఆగిపోతే ఉద్యోగానికే ఎసరు. అందుకని పాస్‌వర్డ్ ఓ చీటీ మీద రాసి, నమ్మినవాళ్ళ చేతిలో పెట్టి విమానం ఎక్కుతారు. తిరిగొచ్చాక మారిస్తే వాళ్ళేమనుకుంటారోనని మార్చరు. ఎవరికిచ్చావని నాలుగుసార్లు అడిగాను.

"వాళ్ళు అలాంటివాళ్ళు కారండీ" అంది చివరికి.

నాకు కోపం తన్నుకొచ్చింది. నీ బతుకు ఐదింటికి గంగలో కలుస్తుంటే ఎవరి మర్యాద కాపాడుతున్నావని గట్టిగానే అరిచాను. మళ్ళీ ఏడ్చింది గానీ పేరు చెప్పలేదు. అప్పటికి మూడూ పది.

తరవాత సుధ గదికి వెళ్ళాను. సుధ ధర్మారావు భార్య. కస్టమర్ల ఫోన్లన్నీ ఆవిడ విభాగానికే వస్తాయి. మెత్తటి మనిషి, మాట పైకి రాదు. స్పందన ఎమ్మెస్ చదివేటప్పుడు మూడు నెలలు వాళ్ళింట్లోనే ఉందనీ, ఇప్పటికీ తన లంచ్‌తో పాటు ఆ పిల్లకీ తెస్తాననీ ఆవిడే చెప్పింది. ఆ పిల్ల ఇలా చేసిందంటే నమ్మలేకపోతున్నానంది. చేయలేదని మాత్రం అనలేదు.

నేను మాట మార్చి, పోయిన ఆదివారం సాయంత్రం ఏడూ పదికి ఐదు ఛానెళ్ళలో ఒకటైన జాజిమల్లి టీవీ ఆగిపోయిన సంగతి అడిగాను. పాటల పోటీ ఫైనల్ నడుస్తోంది. గెలిచినవాళ్ళ పేరు చదవబోతుండగా తెర నల్లబడి, నలభై నిమిషాల దాకా బొమ్మ రాలేదు. ఆ నలభై నిమిషాల్లో పదకొండొందల నలభై ఫోన్లు వచ్చాయట. చెవులు చిల్లులు పడ్డాయండీ, ఒకాయన మా వంశాన్నంతా తిట్టాడు అని నవ్వింది సుధ.

"షామ్‌బర్గ్ కొత్త ఇళ్ళనుంచి కూడా చేశారా?"

"వాళ్ళే ఎక్కువ చేశారు. నాకు బాగా గుర్తు."

ఆ ఫోన్ల జాబితా అప్పటికే నా సంచీలో ఉంది. పొద్దున స్పందన సిస్టమ్‌లోంచి తీసి ఇచ్చింది, పక్కన అకౌంట్ నంబర్లతో సహా. డబ్బు కట్టే ఇళ్ళు ఎనిమిదింటికి ఒకటి చొప్పున ఫోన్ చేసి తిట్టాయి. ఆ రెండువేల మూడొందల ఇళ్ళనుంచి ఒక్క ఫోన్ లేదు. సుధ ఎందుకు అబద్ధమాడిందో అప్పటికి నాకు తెలీదు. ఆడిందని మాత్రం రాసిపెట్టుకున్నాను.

జాబితా తీసుకెళ్ళి నిశాంత్ ముందు పడేశాను. వాడు రెండు పేజీలు తిప్పి తేలిగ్గా నవ్వాడు. దొంగ బాక్స్ కొనుక్కున్నవాళ్ళు కంపెనీకి ఫోన్ చేసి కంప్లైంట్ ఇస్తారా మేడమ్, అమ్మిన డీలర్‌కి చేసుకుంటారు అన్నాడు. మాట సబబుగానే ఉంది, అందుకే నాకు ఇంకా మండింది.

"రెండువేల మూడొందల ఇళ్ళు నిశాంత్. అందరూ దొంగ సరుకని తెలిసే కొన్నారా? సగం మందికైనా అది మామూలు బాక్సే. బొమ్మ పోతే బాక్స్ మీదున్న నంబర్‌కి చేస్తారు. పాటల పోటీ గెలిచింది ఎవరో తెలీక మోటెల్ కౌంటర్‌లో కూర్చున్న మనిషికి డీలర్ గుర్తొస్తాడా?"

"దట్స్ యువర్ గెస్. నాది డేటా."

"అంత డేటా చూసినవాడివి, ఆ బాక్సుల్లో ఒక్కటైనా చూశావా?"

చూడలేదు. రెండు వారాలుగా ఈ ఆఫీసులో కూర్చుని కాఫీలు తాగుతూ ఒక్క బాక్స్ కూడా చేత్తో ముట్టుకోలేదు. నంబర్ల జాబితా తీసుకుని నాతో రమ్మన్నాను. రోషానికి వచ్చాడు. మూడూ నలభై ఐదుకి ఆఫీసు వెనక స్టోర్ రూమ్ తలుపు తీశాం.

కనెక్షన్ మానేసినవాళ్ళు తిరిగి పంపిన బాక్సులు అక్కడ నేలనుంచి పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ధర్మారావు ఏదీ పారేయడు. తుడిచి మళ్ళీ ఇవ్వొచ్చని దాచాడు, తుడవలేదు. ఎడమవైపు అరల్లోంచి ఒకటి తీశాను. ముందువైపు కుంకుమ బొట్టు, ఎండిపోయి గోధుమరంగుకి తిరిగింది. ఇంకోటి తీశాను. పసుపు. మూడోదానికి గంధం కూడా పెట్టారు, రిమోట్‌కి ప్లాస్టిక్ కవర్ అలాగే ఉంది. మనవాళ్ళింటికి కొత్త వస్తువు వస్తే బొట్టు పెట్టందే ప్లగ్ పెట్టరు. అంటే ఇవి ఇళ్ళల్లో ఉండి, పనైపోయి తిరిగొచ్చినవి.

"దీని నంబర్ నీ జాబితాలో చూడు" అన్నాను.

వెతికాడు. ఉంది. షామ్‌బర్గ్‌లో ఫలానా వీధిలో ఏప్రిల్‌లో పెట్టిన కొత్త కనెక్షన్, ప్రస్తుతం నడుస్తోంది అని ఉంది. ఆ నడుస్తున్న బాక్స్ బొట్టుతో సహా నా చేతిలో ఉంది. రెండోదీ ఉంది. మూడోదీ ఉంది. ఇరవైదాకా చూశాక నిశాంత్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

బాక్స్ ప్లగ్‌లో ఉన్నా లేకపోయినా ఆఫీసులో కంప్యూటర్ మీద దాన్ని ఆన్ చేసేయొచ్చు. ఆన్ అయిన క్షణంనుంచీ అది ఒక ఇల్లు. ఛానెల్‌కి ఆ ఇంటి తాలూకు ఫీజు కట్టాల్సిందే, చూసేవాడు లేకపోయినా సరే. ఇళ్ళు తక్కువ చూపించి ఫీజు ఎగ్గొట్టే మోసం ఈ వ్యాపారంలో అందరికీ తెలుసు, దానికోసం అందరూ వెతుకుతారు. ఎక్కువ చూపించి ఎక్కువ కట్టేవాళ్ళ కోసం ఎవరూ వెతకరు. అలా కట్టి ఎవరు బాగుపడతారన్నదే ప్రశ్న.

మీవాళ్ళు ఈ కంపెనీని ఏ లెక్కన కొంటున్నారని నిశాంత్‌ని అడిగాను. ముందు నసిగాడు. తరవాత, నడుస్తున్న ఇంటికి మూడొందల డాలర్ల చొప్పున అన్నాడు.

"దొంగ బాక్సుల ఇళ్ళు కూడా అందులో కలుస్తాయా?"

"కలుస్తాయి. వాళ్ళు రియల్ వ్యూయర్సే కదా, ముందు ముందు పేయింగ్ కస్టమర్స్ చేసుకోవచ్చని..." అని ఆగిపోయాడు. ఈసారి కూడిక వాడే చేసుకున్నాడు. ఇవి అమ్ముడుపోయిన బాక్సులని నీకు మొదట చెప్పిందెవరు అన్నాను. ధర్మారావుగారే అన్నాడు.

అరల్లో ఉన్నవన్నీ ఒక్కటీ వదలకుండా జాబితాతో సరిచూడమని వాడిని అక్కడే వదిలేశాను. కోటు విప్పి నేల మీద కూర్చున్నాడు. నాలుగూ ముప్ఫై ఐదుకి నేను మళ్ళీ కాగితం ఉన్న గదికి వచ్చాను. ధర్మారావు, సుధ, స్పందన అప్పటికే అక్కడున్నారు.

స్టోర్ రూమ్‌లో చూసింది చెప్పాను. స్పందన ఫోన్‌లోంచి ప్రింట్ తీసిన కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కాగితం బల్ల మీద పెట్టాను. ఆ తరవాత స్పందన వైపు తిరిగి, నువ్వు కాపాడుతున్నవాళ్ళు నిన్ను కాపాడటానికి నోరు విప్పారేమో ఈ గదిలో చూసుకోమన్నాను. ఆ పిల్ల సుధ వైపు చూసింది. సుధ కాగితం వైపు చూసింది.

"పాస్‌వర్డ్ ఆంటీకిచ్చి వెళ్ళాను" అంది స్పందన.

సుధ కాదనలేదు, ఏడవలేదు. ఎవరో ఎప్పుడో అడుగుతారని ఎదురుచూస్తున్నట్టు గబగబా చెప్పేసింది. ఇల్లు రెండుసార్లు తాకట్టు పెట్టారు. పోయిన డిసెంబర్‌లో కూతురి కాలేజీ డబ్బు కూడా ఇందులో పోశారు. మానేయమంటే ఈయన మానడు, మోయలేనంత నష్టం వస్తే తప్ప మానడు. ఛానెల్ ఫీజు పెరిగితే కంపెనీ తనంతట తనే పడిపోతుందని, పిల్ల స్టాంపింగ్‌కి వెళ్ళినప్పుడు పాత బాక్సులు ఆన్ చేసింది.

"ఈయన మూసేస్తాడనుకున్నానండీ. అంతకన్నా ఏమీ ఆశించలేదు. తొమ్మిదొందలు చేసి మార్చిలో ఆపేశాను."

లాగ్ ప్రకారం బాక్సులు పోయిన శుక్రవారం దాకా ఆన్ అవుతూనే ఉన్నాయి. మార్చి తరవాత పధ్నాలుగొందలు. నేను ధర్మారావు వైపు తిరిగాను. భార్య తన కంపెనీకి గొయ్యి తవ్వానని చెబుతుంటే ఆ మనిషి కనుబొమ్మ కూడా కదపలేదు. మిగతావి ఎవరివని అడగలేదు.

"మీకు మార్చిలోనే తెలుసు. ఆవిడ ముంచడానికి చేసిన పని మీకు అమ్ముకోవడానికి పనికొచ్చింది. ఆవిడ దగ్గరున్న ఆ లాగిన్‌తోనే, ఆ పద్ధతిలోనే మీరు కానిచ్చారు. ఇంటికి మూడొందల చొప్పున పధ్నాలుగొందల ఇళ్ళంటే నాలుగు లక్షల ఇరవై వేలు. ఈ పిల్ల తేడా పట్టేసరికి దాన్నే దొంగని చేశారు. దొంగ ఉంటే ఆ ఇళ్ళు నిజమైనవన్నట్టే కదా."

"పంతొమ్మిదేళ్ళు" అన్నాడు ధర్మారావు. పశ్చాత్తాపంతో కాదు, కోపంతో. "రెండేళ్ళకోసారి ఫీజు పెంచుతారు. నేను ఇంటికి ఒక్క డాలర్ పెంచితే వందమంది మానేస్తారు. ఛానెల్‌వాడు తిన్నాడు, శాటిలైట్‌వాడు తిన్నాడు. చివరికి నాకేం మిగిలిందండీ? ఒక్కసారి, నా కష్టానికి నేను రేటు కట్టుకున్నాను."

ఆ కష్టం నిజమే. దానికి నాకు జాలి లేకపోలేదు. కానీ ఆ రేటులో ఈ పిల్ల జీవితం కూడా కలిపేశాడు. ఆ మాటే మొహం మీద చెప్పాను.

ఆయన నా మాట పట్టించుకోలేదు. తన భార్యకి ఒంట్లో బాగుండటం లేదని, ఏదేదో మాట్లాడుతోందని, ఈ గదిలో తను ఏమీ వినలేదని చెప్పాడు. నిశాంత్ లేని సమయం చూసుకుని చెప్పించుకున్నానన్నాడు. స్పందన దగ్గర డబ్బు తీసుకుని వచ్చినదాన్ని, నా సాక్ష్యానికి ఏపాటి విలువో మీరే ఆలోచించుకోండన్నాడు. కాన్సులేట్ కాగితం ఆ ఒక్కరోజుకే పనికొస్తుందని, తిరిగొచ్చాక మిగతా అన్ని రోజులూ ఆ పిల్ల ఇక్కడే, ఈ సీట్లోనే ఉందని అన్నాడు. అన్నీ ఆలోచించి పెట్టుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నాలుగూ యాభై ఎనిమిదికి పెన్ను తీసి భార్య ముందుకి తోశాడు. అప్పుడు తెలిసింది నాకు, కంపెనీ కాగితాల మీద ప్రెసిడెంట్ సుధ అని. ఇక్కడ చాలామంది చేసే ఏర్పాటే, కంపెనీ భార్య పేరు మీద పెట్టడం. ఉద్యోగంలోంచి తీసేసే కాగితమైనా, మరింకేదైనా ఆవిడ సంతకంతోనే చెల్లుతుంది.

సుధ పెన్ను అందుకుంది. ఆ కాగితాన్ని మాత్రం పక్కకి నెట్టేసింది.

"ఇది సంతకం పెట్టనండీ. కంపెనీ నా పేరు మీద ఉంది, ఇవాళే మూసేస్తాను. అమ్మేదీ లేదు, ఫిర్యాదూ లేదు" అంది.

నేను ఊపిరి పీల్చుకోబోయాను.

"మూసేస్తే ఫిర్యాదు ఆగదు ఆంటీ" అంది స్పందన. ఆ రోజంతటిలో ఆ పిల్ల గొంతు స్థిరంగా ఉండటం అదే మొదటిసారి. దొంగ లెక్కలతో మోసం చేయబోయారని కొనేవాళ్ళు రేపే కోర్టుకెళ్తారని, లాగ్‌లో ఉన్నది తన పేరేనని చెప్పింది. ఒక తెల్ల కాగితం తీసి సుధ ముందు పెట్టింది. "నేను చేయలేదని, మీరు చేశారని రాసి సంతకం పెట్టండి. అది చాలు. తరవాత మూసేసుకోండి."

సుధ ఆ కాగితం వైపు చూసింది. రెండు ముక్కలు రాసింది కూడా. తేదీ, కంపెనీ పేరు. తరవాత చెయ్యి ఆగిపోయింది. పెన్ను మెల్లిగా బల్ల మీద పెట్టేసింది.

"ఇది రాస్తే నేను జైలుకెళ్తానమ్మా" అంది.

"మీరు రాయకపోతే నేను వెళ్తాను, ఆంటీ" అంది స్పందన.